బేరిపండ్లను నెలల తరబడి కోల్డ్ స్టోరేజ్‌లో ఉంచాలంటే: కోత నుంచి మాగేదాకా ఏ పని ఎప్పుడు, ఎలా

బేరిపండు, అంటే పియర్, నిలవ గురించి నన్ను అడిగే ప్రశ్నలు అటు తిరిగి ఇటు తిరిగి రెండింటి దగ్గరికే వస్తాయి. "ఐదు నెలలు పచ్చగా ఉన్న కాయ, రూంలోంచి బయటికి తీసిన నాలుగో రోజుకి తొక్కంతా నల్లబడింది, ఎందుకు?" అనేది ఒకటి. "కాయ కుళ్లలేదు, నల్లబడలేదు, కానీ పది రోజులైనా మెత్తబడటం లేదు, ఏం చేయాలి?" అనేది రెండోది. మొదటి జబ్బుకి వేసే మందు ఎక్కువైతే రెండో జబ్బు వస్తుంది. అందుకే రెండింటికీ కలిపి, కోత దగ్గర నుంచి వరసగా రాస్తున్నాను.

ఇందులో లెక్కలన్నీ అమెరికా వాయవ్య ప్రాంతానివి: వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీ, యాకిమా లోయలు, ఒరెగాన్‌లోని హుడ్ రివర్. నేను పండ్ల నాణ్యత చూసే పని చేసేది ఇటువైపే. రకాలు రెండు. ఆగస్టులో కోసే బార్ట్‌లెట్, సెప్టెంబరులో కోసే ఆంజూ. మరుసటి వేసవి దాకా దాచేది ఆంజూనే కాబట్టి ఎక్కువ మాటలు దాని గురించే ఉంటాయి. కశ్మీర్, హిమాచల్ బార్ట్‌లెట్‌ను నిలవ పెట్టేవాళ్లకీ ఈ వరసే పనికొస్తుంది. పంజాబ్ పత్తర్‌నాఖ్ మాత్రం కరకరలాడుతుండగా తినే వేరే తరహా కాయ, మాగుడు లెక్కలు దానికి వర్తించవు.

1. ముందుగా రాసుకోవాల్సింది అమ్మే తేదీ

ఏ మందు వేయాలి అనే ప్రశ్న రెండోది. ఈ బిన్లు (కాయలు నింపే పెద్ద పెట్టెలు) ఏ నెలలో, ఏ దేశానికి పోతాయన్నది మొదటిది. అది తేలకుండా అన్ని రూంలకీ ఒకే మందు, ఒకే మోతాదు వేయడం నేను చూసిన వాటిలో అతి ఖరీదైన తప్పు.

కాయ సరైన పక్వంలో కోసి, వెంటనే చల్లబరిచి, మైనస్ 1 డిగ్రీ దగ్గర ఉంచితే సుమారుగా ఇంతకాలం ఉంటుంది:

- బార్ట్‌లెట్, మామూలు గాలి ఉన్న రూంలో: 2 నుంచి 3 నెలలు
- బార్ట్‌లెట్, ఆక్సిజన్ తగ్గించిన సీఏ (కంట్రోల్డ్ అట్మాస్ఫియర్) రూంలో: 5 నెలల దాకా
- ఆంజూ, మామూలు గాలిలో: 5 నుంచి 6 నెలలు, అదీ స్కాల్డ్‌కి, అంటే పైన చెప్పిన తొక్క నల్లబడే జబ్బుకి, ఏదో ఒక రక్షణ ఉంటేనే
- ఆంజూ, సీఏ రూంలో: 8 నెలల వరకు

దీన్ని బట్టి కోతకు ముందే ప్రతి లాట్‌కీ ఒక కాగితం రాసి పెట్టుకోండి:

- కొత్త సంవత్సరం లోపు అమ్మేవి: 1-ఎంసీపీ (స్కాల్డ్‌ని ఆపే వాయువు మందు, వివరం ఐదో భాగంలో) అక్కర్లేదు. చలి, తేమ సరిగ్గా ఉంటే చాలు.
- జనవరి నుంచి మార్చి మధ్య అమ్మేవి: స్కాల్డ్‌కి రక్షణ తప్పనిసరి.
- ఏప్రిల్ తర్వాతవి: సీఏ రూం, దానితోపాటు ఇంకో రక్షణ.
- యూరప్‌కి పోయేవి: ఎథాక్సిక్విన్ (స్కాల్డ్‌ని ఆపే ఇంకో మందు) తగలకూడదు. అక్కడ 2011లోనే దానికి అనుమతి తీసేశారు. మందు నీళ్లు పోసే అదే డ్రెంచర్‌లో, అవే పాత బిన్లలో పెట్టినా అవశేషం దొరికే ప్రమాదం ఉంది.
- ఆర్గానిక్‌వి: ఎథాక్సిక్విన్, 1-ఎంసీపీ రెండూ కుదరవు. సీఏ మీద ఆధారపడి త్వరగా అమ్మడమే దారి.

2. కోత: రంగు కాదు, గట్టిదనం చూడాలి

మామిడిని పక్వానికి వచ్చాక కోసి గడ్డిలో మాగబెట్టినట్టే, బేరిని కూడా గట్టిగా ఉండగానే కోసి బయట మాగబెట్టాలి. చెట్టు మీదే పండనిస్తే లోపల గుండె దగ్గర నుంచి కుళ్లుకొస్తుంది, కండ పిండిపిండిగా, ఇసుక తగిలినట్టు ఉంటుంది.

గట్టిదనం పెనెట్రోమీటర్‌తో కొలుస్తారు. మొన కాయలోకి దిగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టిందో అది చూపిస్తుంది. బేరికి 8 మిల్లీమీటర్ల మొన వాడాలి. యాపిల్‌కి వాడే 11 మిల్లీమీటర్ల మొన తీయడం మర్చిపోయి కొలిచినవాళ్లు నాకు తెలుసు. అంకెలు ఎక్కువ చూపించి, కాయ ఇంకా ముదరలేదని రెండు వారాలు ఆపేశారు.

కొలిచే పద్ధతి ఇది:

- చెట్టుకి నాలుగు వైపుల నుంచి, కనీసం పది చెట్ల నుంచి, 20 కాయలు తీసుకోండి.
- కాయలన్నీ గది వేడికి వచ్చేదాకా ఆగండి. చల్లటి కాయ, వేడి కాయ కలిపి కొలిస్తే లెక్క కుదరదు.
- కాయ రెండు బుగ్గల మీద, రూపాయి బిళ్లంత మేర తొక్క తీయండి. ఎర్రబడిన ఎండ వైపు కాకుండా పక్కలు ఎంచుకోండి.
- కాయని బల్లకి ఆనించి, మొన మీద గీత దాకా రెండు సెకన్లలో, ఒకే ఒత్తిడితో దించండి. గభాలున పొడిస్తే అంకె పెరుగుతుంది.
- సగటు ఒక్కటే కాదు, అతి తక్కువ వచ్చిన కాయ ఎంతో కూడా రాసుకోండి.

ఆంజూని సగటు 15 పౌండ్ల నుంచి 13 పౌండ్ల మధ్య కోస్తారు. బార్ట్‌లెట్‌ని 19 నుంచి 17 మధ్య. ఎక్కువ కాలం నిలవ ఉంచాలనుకున్నది ఈ హద్దులో పై భాగంలో ఉండాలి. అలాగని మరీ లేతకాయ కోస్తే అది త్వరగా వడలుతుంది, స్కాల్డ్‌కి ముందు దొరికేది అదే, మాగినా రుచి ఉండదు. 13 కంటే దిగిన ఆంజూని దాచుకోవాలని చూడకండి. అది మొదటి లారీలో పోవాలి.

3. చెట్టు నుంచి రూం దాకా

బేరి తొడిమ ఎండిన పుల్లలా గట్టిగా ఉంటుంది. బిన్‌లో ఒక కాయ తొడిమ పక్క కాయ బుగ్గలో గుచ్చుకుంటే, ఆ చిన్న కన్నంలోంచే జనవరిలో బూజు బయటికి వస్తుంది. బుట్ట ఎత్తి కుమ్మరించకుండా, అడుగు తెరిచి నెమ్మదిగా వదలమని కోసేవాళ్లకి పొద్దున్నే చెప్పాలి, మధ్యాహ్నం మళ్లీ చెప్పాలి.

- బిన్ల అడుగున మట్టి ఉండకూడదు. మ్యూకర్ అనే కుళ్లు తోట మట్టిలోంచే వస్తుంది. దానికి మామూలు శిలీంద్రనాశకాలు ఏవీ పనిచేయవు.
- నేల మీద రాలిన కాయ ఎంత బాగున్నా బిన్‌లో వేయకూడదు.
- నిండిన బిన్ నీడలో ఉండాలి, అదే రోజు రూంకి చేరాలి.
- ఆకులు, పుల్లలు అప్పటికప్పుడే ఏరేయాలి.

4. కుళ్లు మందు: డ్రెంచ్ మేలు చేస్తుంది, కీడూ చేస్తుంది

చలిలో కూడా పెరిగే ముఖ్యమైన బూజులు మూడున్నాయి. బూడిద రంగు బూజు బోట్రైటిస్. నీలం బూజు పెనిసీలియం. పైన చెప్పిన మ్యూకర్ మూడోది. బోట్రైటిస్ అతి మొండిది. గాయం అక్కర్లేకుండా, కుళ్లిన కాయకి తగిలిన మంచి కాయలోకి పాకుతుంది. ఏప్రిల్‌లో బిన్ తెరిస్తే మధ్యలో పిట్టగూడులా ఓ ముద్ద కనిపిస్తుంది. ఒక్క కాయతో మొదలై ఇరవై కాయలు తిన్న ముద్ద అది. ఆంజూని విడివిడిగా కాగితంలో చుట్టేది ఇందుకే. రాగి కలిపిన కాగితమైతే బోట్రైటిస్ ఒక కాయ నుంచి ఇంకో కాయకి దాటడం తగ్గుతుంది.

మందులుగా థయాబెండజోల్, ఫ్లూడియోక్సోనిల్, పైరిమెథానిల్ వాడతారు. థయాబెండజోల్‌కి లొంగని నీలం బూజు చాలా ప్యాకింగ్ హౌస్‌లలో ఇప్పటికే ఉంది. కాబట్టి కోత తర్వాత ఒక మందు, ప్యాకింగ్ రోజున వేరే తరగతి మందు వాడాలి. ఒకే మందు రెండుసార్లు వాడితే మిగిలేది లొంగని బూజే.

డ్రెంచ్ అంటే మందు కలిపిన నీటిని బిన్ల మీద ధారగా పోసి, కిందికి కారిన నీటినే మళ్లీ పైకి తోడడం. అక్కడే చిక్కు ఉంది. మొదటి బిన్ మట్టి, బూజు గింజలు వందో బిన్ దాకా పోతాయి. నీళ్లు టీ రంగులోకి మారినా "మందు ఇంకా ఉంది కదా" అని నడిపించేవాళ్లున్నారు. మందు ఉండొచ్చు, మ్యూకర్‌కి మాత్రం అది నీళ్లతో సమానం.

నా సలహా ఇది: కాయ శుభ్రంగా ఉంటే, వాన పడకుండా కోసి ఉంటే, డ్రెంచ్ వదిలేసి రూంలో పొగలా వదిలే ఫాగింగ్ పద్ధతికి వెళ్లండి. డ్రెంచ్ తప్పదంటే:

- లేబుల్ మీద ఉన్నన్ని బిన్లకే ఒక ట్యాంకు నీళ్లు, ఆపైన పారబోయాలి.
- మట్టి బిన్లను ముందు మంచినీళ్లతో కడగాలి.
- మందు పోసిన బిన్లలో అడుగున నీళ్లు నిలవకూడదు, గాలికి ఆరాకే రూంలోకి తోయాలి.

5. స్కాల్డ్, 1-ఎంసీపీ: అసలు చిక్కుముడి

తొక్క నల్లబడటాన్ని సూపర్‌ఫీషియల్ స్కాల్డ్ అంటారు. మూడు నాలుగు నెలలు చలిలో ఉన్న కాయలో తొక్కలో ఆల్ఫా-ఫార్నెసీన్ అనే సహజ పదార్థం పోగవుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి పాడై తొక్క కణాలను చంపుతుంది. చలిలో ఉన్నంతకాలం పైకి ఏమీ కనిపించదు. బయట వెచ్చటి గదిలో నాలుగైదు రోజులు పెట్టగానే గోధుమ రంగు మరకలుగా తేలుతుంది. లోపలి కండ బాగానే ఉంటుంది, కానీ కొనేవాడు చూసేది తొక్కనే.

ఆల్ఫా-ఫార్నెసీన్ తయారుకావడానికి ఎథిలీన్ అనే, కాయే విడుదల చేసే వాయువు ప్రేరణ కావాలి. కాయ మాగడానికి కూడా అదే ఎథిలీన్ కావాలి. అంటే రెండు గదులకీ తాళం ఒక్కటే. 1-ఎంసీపీ వాయువు కాయలోని ఎథిలీన్ గ్రాహకాలకు (ఎథిలీన్ వచ్చి అతుక్కునే చోట్లకు) అతుక్కుని ఎథిలీన్‌ని పని చేయనివ్వదు. స్కాల్డ్ ఆగుతుంది, దానితోపాటు మాగడం కూడా ఆగుతుంది. యాపిల్‌కి ఇది వరం. కరకరలాడే యాపిల్ అలాగే ఉంటే మంచిదే. బేరిని మాత్రం నోట్లో వెన్నలా కరగాలని కొంటారు.

ఒక మార్చి నెలలో జరిగింది చెబుతాను. ఒక ప్యాకింగ్ హౌస్ నుంచి ఆంజూ నమూనాలు వచ్చాయి. ఆకుపచ్చగా, మచ్చ లేకుండా, సెప్టెంబరులో కోసినట్టే ఉన్నాయి. బల్ల మీద పెట్టి రోజూ కొలిచాను. ఏడో రోజు 12 పౌండ్లు, పదో రోజు 11 మీద. పద్నాలుగో రోజు కత్తి పెడితే ముల్లంగి తెగిన చప్పుడు వచ్చింది. మెడ వైపు తొక్క మాత్రం ముడతలు పడింది. అంటే వడలిపోయింది తప్ప మాగలేదు. ఆ రూం మొత్తానికి కోసిన మూడో రోజున 300 పీపీబీ (వందకోట్ల వంతుల గాలిలో 300 వంతులు) 1-ఎంసీపీ వేసి, మైనస్ 1 దగ్గర పెట్టారు. అమ్మిన సరుకు వెనక్కి వచ్చింది.

అలా జరగకుండా ఉండాలంటే వరస ఇలా పాటించండి.

ముందు, మందు అవసరమా అని మళ్లీ అడగండి. స్కాల్డ్‌కి దారులు మూడు. ఎథాక్సిక్విన్ ఆక్సీకరణను అడ్డుకుంటుంది కానీ ఎథిలీన్ జోలికి పోదు, కాబట్టి మాగడానికి ఇబ్బంది లేదు. అమెరికాలో బేరికి దాని అవశేషం 3 పీపీఎం దాటకూడదు. ఆరకముందే బిన్‌లోకి పోతే, కాయలు తగిలిన చోట నల్లటి వలయాలు కాలినట్టు పడతాయి. రెండో దారి సీఏ. మూడోది 1-ఎంసీపీ.

1-ఎంసీపీయే అనుకుంటే:

- యాపిల్‌కి 1 పీపీఎం (అంటే 1000 పీపీబీ) వాడతారని బేరికీ అంతే వేయకండి. బార్ట్‌లెట్‌కి 300 పీపీబీ గట్టి మోతాదే. ఆంజూకి దానికంటే బాగా దిగువన మొదలుపెట్టాలి.
- మోతాదు మరీ తగ్గితే దాని ప్రభావం ముందే వీగిపోయి చివరి నెలల్లో స్కాల్డ్ వస్తుంది. కాబట్టి మొదటి ఏడాది ఒక్క రూంతో మొదలుపెట్టి, అదే తోట కాయలు కొన్ని మందు లేకుండా పక్కన ఉంచండి. పోల్చడానికి అవే ఆధారం.
- కోసిన వారం లోపే వేయాలి. కాయ తన ఎథిలీన్ తను తయారుచేసుకోవడం మొదలుపెట్టాక మందు సరిగా పట్టదు.
- రూం గాలి చొరబడనిదిగా ఉండాలి, 24 గంటలు మూసి ఉంచి, ఫ్యాన్లు తిప్పాలి, తర్వాత గాలి మార్చాలి.
- తడిసిన పాత చెక్క బిన్లు 1-ఎంసీపీని పీల్చేసుకుంటాయి. ఒకే రూంలో ప్లాస్టిక్ బిన్లు, చెక్క బిన్లు కలిపి పెడితే ఒక్కో మూల ఒక్కోలా మందు పడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి నిలవ వేడి. హుడ్ రివర్‌లోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ కేంద్రంలో చేసిన పరీక్షల్లో, 1-ఎంసీపీ వేసిన ఆంజూని మైనస్ 1 దగ్గర కాకుండా, సున్నాకి ఒక డిగ్రీ పైన నిలవ ఉంచితే నెలలు గడిచేకొద్దీ మాగే శక్తి తిరిగి వచ్చింది. మందు స్కాల్డ్‌ని ఆపుతుంది, ఆ రెండు డిగ్రీల వెచ్చదనం గ్రాహకాలకు మెల్లగా ప్రాణం పోస్తుంది. మందు వేయని కాయని మాత్రం ఆ వేడిలో పెట్టకండి, పసుపెక్కిపోతుంది. మందుతో పాటే కొంత ఎథిలీన్ కూడా వదిలి మందు బలం తగ్గించే పద్ధతి కూడా ఉంది. అది అనుభవం ఉన్న చేతులకే వదిలేయాలి.

6. చల్లబరచడం, తేమ

బార్ట్‌లెట్ విషయంలో నాలుగు రోజుల్లోపు కాయ గుండె దగ్గరి వేడి సున్నాకి దిగాలి. ఒక్కోరోజు ఆలస్యం చివర్లో ఎన్నో రోజుల నిలవని తినేస్తుంది. రూం గోడ మీద థర్మామీటర్ చూసి సంతోషపడకండి. బిన్ మధ్యలో ఒక కాయలోకి సూది థర్మామీటర్ గుచ్చి, గుండె దగ్గర ఎంత ఉందో చూడండి. గోడ మైనస్ 1 చూపిస్తున్నప్పుడు బిన్ మధ్యలో 6 డిగ్రీలు ఉండటం మామూలే.

నిలవ వేడి మైనస్ 1 నుంచి మైనస్ 0.5. చక్కెర తక్కువున్న కాయ మైనస్ 1.5 దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది. కాబట్టి కింద హద్దు చాలా దగ్గర. కూలింగ్ కాయిల్స్ ఎదురుగా ఉన్న బిన్లే ముందు దెబ్బతింటాయి. రోజూ చూడాల్సింది ఆ వరసనే.

- తేమ 90 నుంచి 95 శాతం ఉండాలి.
- ఎండిన చెక్క బిన్లు కాయ నీటిని లాగేస్తాయి. లోపల పెట్టే ముందు తడపాలి. 1-ఎంసీపీ వేయబోయే రూంలో మాత్రం చెక్క బిన్లు లేకుండా చూసుకోవాలి.
- బేరి ముందు వడలేది మెడ దగ్గర. అక్కడ వేలితో రాస్తే తొక్క జారినట్టు అనిపిస్తే తేమ తక్కువైనట్టే.
- పెట్టెల్లో కన్నాలున్న పాలిథీన్ సంచి వేయాలి. కన్నాలు లేని సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది.
- గ్యాసుతో నడిచే ఫోర్క్‌లిఫ్ట్‌ పొగలో ఎథిలీన్ ఉంటుంది. రూంలో కరెంటుదే వాడాలి.

7. సీఏ రూం

ఆంజూకి ఆక్సిజన్ 1.5 నుంచి 2 శాతం, కార్బన్ డయాక్సైడ్ 1 శాతం లోపు. ఇది యాపిల్ లెక్క కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బేరి గుండె గోధుమ రంగుకి తిరిగి, బెండులా మారుతుంది. బయటికి ఏమీ తెలియదు. ఆక్సిజన్ మరీ 1 శాతం కిందికి దిగితే ఆంజూ తొక్క మీద నల్లటి చుక్కలు వస్తాయి.

కార్బన్ డయాక్సైడ్ లాగేయడానికి ఇప్పటికీ చాలా చోట్ల పొడి సున్నం సంచులే వాడతారు. సంచులు గడ్డకట్టాక పనిచేయవు. రీడింగ్ మెల్లగా పైకి పోతుంటే ముందు సంచులు మార్చండి.

మొదటి వారంలోనే ఆక్సిజన్ గభాలున దించకండి. కాయ చల్లబడ్డాక దించాలి. వెచ్చటి కాయకి ఊపిరి ఎక్కువ కావాలి.

ఇది మందుల గురించి కాదు, ప్రాణాల గురించి: 2 శాతం ఆక్సిజన్ ఉన్న రూంలో మనిషి రెండు మూడు ఊపిరుల్లో స్పృహ తప్పుతాడు. "ఒక్క నిమిషం తల పెట్టి చూసొస్తా" అనే మాట వినిపిస్తే తలుపు మూసేయండి. పడిపోయినవాణ్ణి లాగడానికి వెళ్లినవాడూ పడిపోతాడు. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి, మీటరు బయట గాలంత చూపించేదాకా ఎవరూ లోపలికి పోకూడదు.

8. నెలనెలా నమూనా

పనంతా అయ్యాక ఎక్కువమంది వదిలేసేది ఇదే. రూం మూసే ముందే, తలుపు పక్కన చిన్న కిటికీ దగ్గర చేతికి అందేలా రెండు వలసంచుల కాయలు వేలాడదీయండి.

- డిసెంబర్ నుంచి నెలకోసారి 20 కాయలు తీయాలి.
- 10 వెంటనే కొలవాలి: గట్టిదనం, తొక్క రంగు, కోసి గుండె చూడటం.
- 10 కాయలు 20 డిగ్రీల గదిలో 7 రోజులు పెట్టాలి. స్కాల్డ్ ఉంటే ఆ వారంలో తేలుతుంది.
- ఏడో రోజున గట్టిదనం 5 పౌండ్ల లోపు వస్తే మాగే శక్తి ఉంది. 10 కంటే పైనే ఆగితే ఆ రూంని అప్పుడే అమ్మకానికి తెరవకండి.
- నోట్లో పెట్టుకుని చూడాలి. మీటరు 4 చూపించినా కండ రసం లేకుండా పొడిగా ఉంటే అది మాగడం కాదు.

పది కాయల్లో ఒక్కదానికి స్కాల్డ్ కనిపించినా, మిగతా వాటికీ రాబోతోందని అర్థం. రూం తెరిచి అమ్మడం మొదలుపెట్టాలి, వచ్చే నెల దాకా చూద్దామనుకోకూడదు.

9. ప్యాకింగ్ లైన్

యాపిల్ నీటిలో తేలుతుంది, బేరి మునుగుతుంది. అందుకే బిన్ ఖాళీ చేసే తొట్టిలో నీటిని చిక్కబరచడానికి ఉప్పు లాంటి రసాయనాలు కలుపుతారు. సోడియం సిలికేట్ కలిపితే నీటి పీహెచ్ బాగా పెరుగుతుంది, అప్పుడు క్లోరిన్ పనిచేయదు. రోజూ క్లోరిన్ పోస్తున్నా కుళ్లు తగ్గడం లేదనే ప్యాకింగ్ హౌస్‌లో నేను ముందు చూసేది పీహెచ్ కాగితమే. క్లోరిన్ 50 నుంచి 100 పీపీఎం, పీహెచ్ 6.5 నుంచి 7.5 మధ్య ఉంటేనే పని. సోడియం సల్ఫేట్ లాంటి తటస్థ లవణంతో ఈ తిప్పలు తక్కువ. తొట్టి దాటగానే మంచినీళ్ల షవర్ కింద కాయ బాగా కడగాలి. లవణం ఆరిపోతే తొక్క మీద కాలిన మచ్చ పడుతుంది.

నిలవ ఉన్న బేరి తొక్క చాలా సున్నితం. బెల్టు మీద కాయ రాసుకున్న చోట గంటల్లో గోధుమ గీత వస్తుంది. కాయలు ఆగి, బ్రష్షులు తిరుగుతూ ఉంటే అక్కడే నష్టమంతా. లైన్ ఆగితే బ్రష్షులు కూడా ఆగేలా స్విచ్ పెట్టించండి.

10. అమ్మే ముందు మాగబెట్టడం

బేరికి మాగే శక్తి రావడానికి ముందు కొంత చలి కావాలి. మైనస్ 1 దగ్గర బార్ట్‌లెట్‌కి మూడు నాలుగు వారాలు, ఆంజూకి 60 రోజుల వరకు. ఆ చలి తినని కాయని బయట పెడితే వడలుతుంది తప్ప మాగదు. అక్టోబరులో ఆంజూ అమ్మాలంటే ఎథిలీన్ గదే దారి.

- గది 20 డిగ్రీలు, తేమ 90 శాతం పైన.
- ఎథిలీన్ 100 పీపీఎం, 24 నుంచి 48 గంటలు. కొత్తగా కోసినవాటికి ఇంకొంచెం ఎక్కువ.
- గాలి మారుస్తూ కార్బన్ డయాక్సైడ్ 1 శాతం లోపు ఉంచాలి.
- పెట్టెల మధ్య గాలి ఆడాలి. గట్టిగా పేర్చితే మధ్య పెట్టెలు వేడెక్కుతాయి.
- మెత్తబడటం మొదలవగానే మళ్లీ చల్లబరిచి లారీ ఎక్కించాలి.

మన దగ్గర మామిడికి, అరటికి రైపెనింగ్ ఛాంబర్లు నడిపేవాళ్లకి ఈ లెక్క కొత్త కాదు. ఎథిలీన్‌కి మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన పరిమితి కూడా 100 పీపీఎమ్మే. కార్బైడ్ మాత్రం ఏ పండు దగ్గరికీ రాకూడదు, అది నిషేధం.

1-ఎంసీపీ గట్టిగా వేసిన కాయకి ఎథిలీన్ ఎంత ఇచ్చినా లాభం అంతంతమాత్రమే, తాళం చెవి దూరే చోట ఇంకేదో ఇరుక్కుని ఉంది కదా. ఆ లాట్‌ని ఇంకొన్ని వారాలు 1 డిగ్రీ దగ్గర ఉంచి మళ్లీ నమూనా చూడటమే చేయగలిగింది.

11. లక్షణం చూసి కారణం పట్టడం

- తొక్క మీద గోధుమ మరకలు, కండ బాగుంది: సూపర్‌ఫీషియల్ స్కాల్డ్. వచ్చాక మందు లేదు. మిగిలిన రూంని త్వరగా అమ్మాలి, ఆ కాయలు జ్యూస్‌కి.
- బార్ట్‌లెట్ పసుపెక్కి తొక్క నల్లగా ఊడి వస్తోంది: ఇది వయసు మళ్లిన స్కాల్డ్. వేరే జబ్బు, దీనికి ఎథాక్సిక్విన్ పనిచేయదు. కాలం మించి దాచారు.
- గుండె గోధుమ రంగు, బెండులా: కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైంది, లేదా ముదురుకాయ కోశారు.
- కండలో అక్కడక్కడ బెరడు లాంటి గట్టి గోధుమ ముద్దలు, పైన గుంటలు: కాల్షియం లోపం. తోటలో స్ప్రేతోనే సరిచేయాలి, రూంలో కాదు.
- రూంలో ఒక పక్క కాయలన్నిటికీ చుక్కచుక్కలుగా నలుపు: అమ్మోనియా లీకు అనుమానించాలి. ముందు మనుషులను బయటికి పంపి తర్వాత పైపులు చూడాలి.
- కండ నీళ్లు కారుతూ గాజులా: గడ్డకట్టింది. చేత్తో తాకకుండా నెమ్మదిగా కరగనిచ్చి, తర్వాతే ఎంత పోయిందో చూడాలి. గడ్డగా ఉన్నప్పుడు కదిపితే తాకిన ప్రతి చోటా దెబ్బే.

12. ఇంట్లో, పెరట్లో

సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు పెరట్లో బేరి చెట్టు ఉన్న మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతారు, కాబట్టి క్లుప్తంగా.

కాయని పైకి, పక్కకి ఒంచితే తొడిమ దగ్గర తేలిగ్గా ఊడి రావాలి. లాగాల్సి వస్తే ఇంకా టైం ఉంది. కోసిన కాయలను కాగితంలో విడివిడిగా చుట్టి, కన్నాలున్న కవర్లో, ఫ్రిజ్‌లో అతి చల్లగా ఉండే అరలో పెట్టండి. బార్ట్‌లెట్ మూడు వారాలు, ఆంజూ రెండు నెలలు అక్కడే ఉండాలి. తర్వాత తినడానికి ఎన్ని కావాలో అన్ని బయటికి తీసి, కాగితపు సంచిలో ఒక అరటిపండుతో కలిపి పెట్టండి.

బార్ట్‌లెట్ పసుపెక్కుతుంది కాబట్టి చూస్తే తెలుస్తుంది. ఆంజూ మాగినా ఆకుపచ్చగానే ఉంటుంది. హైదరాబాద్‌లో దిగుమతి పండ్ల దుకాణంలో కొన్న ఆకుపచ్చ బేరిని పచ్చికాయ అనుకుని వారాల తరబడి ఉంచేసి పారేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. బుగ్గ మీద నొక్కకండి. బుగ్గ మెత్తబడేసరికి లోపల గుండె నల్లబడి ఉంటుంది. రోజూ ఒకసారి తొడిమ పక్కన, మెడ మీద బొటనవేలితో మెల్లగా ఒత్తండి. అక్కడ కొంచెం లొంగిన రోజునే కోసుకుని తినండి, ఆ రోజు కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించండి.